కెమెరా కొనివ్వండి, డిగ్రీ మాన్పించకండి

ప్రశ్న: మేం చెన్నై అంబత్తూరులో ఉంటాం. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని అవుతాను, లక్షా ఇరవై వేల ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనివ్వమంటున్నాడు. కాలేజీ కూడా మానేస్తాడట. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, కెమెరా కొనివ్వండి. కానీ అంత ఖరీదుది ఇప్పుడే వద్దు. చదువు మాత్రం మాననివ్వకండి. కొటేషన్లు, అడ్వాన్సులు, జీఎస్టీ బిల్లులు ఈ వృత్తిలో నిత్యం ఉండేవే. బీకాం వాడికి అక్కడ పనికొస్తుంది.

ఇక కెమెరా సంగతి. కల్యాణమండపాల్లో వెలుతురు చాలదు. మామూలు డీఎస్ఎల్ఆర్‌తో (లోపల అద్దం ఉండే, లెన్సు మార్చుకునే కెమెరా) ఇచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్సు, 55 దగ్గరకు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. 1/25 సెకనులో తాళి కట్టే చేతులు మసకబారే చోట, అదే ఐఎస్ఓతో (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) 1/250 సెకనులో తీయొచ్చు. సెన్సరు అంటే కెమెరాలో వెలుతురును పట్టే పలక. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు విస్తీర్ణం మామూలు కెమెరాల్లోని చిన్న సెన్సరుకు రెండింతల పైచిలుకు, అంతే. అందుకే డబ్బు ముందు లెన్సు మీద పెట్టమంటాను. చిన్న సెన్సరు మీద ఆ 50 లెన్సు 75 లేదా 80లా దగ్గరగా చూపిస్తుంది. వధూవరుల ముఖాలకు బాగుంటుంది, గుంపు ఫొటోలకు పనికిరాదు. వాటికి 18-55 ఎలాగూ ఉంటుంది.

క్యానన్, నికాన్ రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లిపోవడంతో మంచి డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. కొనేముందు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) అడగండి. టార్చ్ వేసి లెన్సు లోపల చూడండి, సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. చెన్నై తేమకు ఇది చాలా మామూలు, అందుకే కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోవాలి. నికాన్ డీ3000, డీ5000 వరుస బాడీల్లో (లెన్సు లేని కెమెరా) ఫోకస్ మోటారు ఉండదు. వాటికి సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సు తగిలిస్తే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. మోటారు లోపలే ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సే తీసుకోండి. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా అడాప్టరుతో ఆ లెన్సు పనిచేస్తుంది, డబ్బు వృథా కాదు.

నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఫ్రేమ్ నిండా మధుపర్కాల తెలుపు ఉంటే వెలుతురు కొలిచే కెమెరా మీటరు దాన్ని బూడిద రంగు చేసేస్తుంది. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ వైపు జరపాలని చేతికి అలవాటు కావాలి. జారిపడే తలంబ్రాలు గాలిలో ఆగినట్టు రావాలంటే 1/500 సెకను, అంతకు మించిన వేగం కావాలి. ఇవి మైలాపూరు మాడవీధుల్లో సాయంత్రాలు, కాశిమేడు రేవులో తెల్లవారుజామున ఎవరి పెళ్లీ పాడుచేయకుండా సాధన చేయొచ్చు. రా ఫైల్‌లో (కెమెరా సరిదిద్దని అసలు ఫైలు) తీయమనండి, తప్పు ఎక్కడ జరిగిందో ఎడిటింగ్‌లో తెలిసిపోతుంది.

మీవాడు చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. సొంతంగా పెళ్లి ఒప్పుకునే రోజుకు రెండు మెమరీ కార్డు స్లాట్లున్న బాడీ కావాల్సిందే. ఒక కార్డు పాడైతే జీలకర్ర-బెల్లం మళ్లీ పెట్టించలేం కదా! మొదట్లో కొనే చవక మోడళ్లలో ఒకటే స్లాటు ఉంటుంది. కానీ ఆ రోజు రావాలంటే ముందు సెలవుల్లో ఒక మంచి టీమ్‌లో అసిస్టెంటుగా చేరాలి. లైట్లు పట్టుకోవడం, రాత్రికి కార్డులు కాపీ చేయడం, పెళ్లివారితో మెలగడం అక్కడే వస్తాయి. ఈ పని రెండు మూడు సీజన్లు ఓపిగ్గా చేసినవాడికే పెద్ద కెమెరా కొనివ్వడం సబబు. అప్పటికి దాంట్లో సగమైనా తన సంపాదనతో పెట్టుకోగలడు.

ఇంకొకటి మీరే వాడితో మాట్లాడండి. మన ఆషాఢంలో, తమిళుల ఆడిలో, ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు, అప్పుడు పెళ్లిళ్ల డబ్బూ ఆగిపోతుంది. ఆ నెలల కోసం హోటళ్లకు వంటకాల ఫొటోలు, నగల షాపులకు ప్రొడక్ట్ ఫొటోలు తీయడం ఇప్పుడే మొదలుపెట్టాలి. టేబుల్, కిటికీ వెలుగు, ఒక తెల్ల చార్టు ఉంటే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మీ వంటతోనే ప్రారంభించమనండి.