ఫోన్ అప్‌డేట్‌లో డేటా పోయింది, జాబ్‌షీట్‌పై సంతకం ఉంది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు కొని అమ్ముకునే చిన్న వ్యాపారం. పోయిన వారం నా ఆండ్రాయిడ్ ఫోన్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే పడుకునే ముందు నొక్కాను. పొద్దున చూస్తే కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయి ఉంది. శ్రీకాకుళంలో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ‘సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయాలి’ అని 590 రూపాయలు తీసుకున్నారు. సాయంత్రం ఇచ్చిన ఫోన్‌లో ఏమీ లేదు. 2024 మార్చి, ఏప్రిల్‌లో తెలిసినాయనకు లక్ష చొప్పున మూడుసార్లు ఫోన్‌పే చేశాను. నోటు రాయించుకోలేదు, ‘పంట డబ్బు రాగానే ఇచ్చేస్తాను’ అన్న అతని వాట్సాప్ మెసేజ్‌లే ఆధారం. చనిపోయిన మా నాన్న వాయిస్ మెసేజ్‌లు కూడా ఆ ఫోన్‌లోనే ఉండేవి. సెంటర్‌లో అడిగితే ‘డేటాకు మాది బాధ్యత కాదని సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. జాబ్‌షీట్ (రిపేరుకు ఇచ్చేటప్పుడు సెంటర్ వాళ్లు రాసి సంతకం పెట్టించుకున్న కాగితం) ఫొటో పంపుతున్నాను. భయపడి వాట్సాప్ ఇంకా వేయలేదు. కేసు వేయవచ్చా? నా మూడు లక్షలు పోయినట్టేనా?

జవాబు: వాట్సాప్ వేయకుండా ఆగడం చాలా మంచి పని. కేసు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది వినండి.

మీ దుకాణంలో కంప్యూటర్ ఉండి, దానిలో వాట్సాప్ కలిపి ఉంటే మొదట దాని ఇంటర్నెట్ తీసేసి తెరవండి. ఆ చాట్ కనిపిస్తే తేదీలు, నంబరు కనబడేలా మొత్తం ఫొటోలు తీసుకోండి. ఫోన్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే కంప్యూటర్‌లోని వాట్సాప్ తెగిపోవచ్చు కాబట్టి ఈ పని ముందే కావాలి. ఆ తర్వాత ఫోన్‌లో పాత గూగుల్ ఖాతాతోనే లాగిన్ అయి, పాత నంబరుతోనే వాట్సాప్ వేయండి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంటే ‘రిస్టోర్’ అని అడుగుతుంది. తొందరలో ‘స్కిప్’ నొక్కవద్దు. స్కిప్ చేస్తే తర్వాత కొత్త ఖాళీ బ్యాకప్ వెళ్లి పాతదాని మీద కూర్చునే ప్రమాదం ఉంది. నా దగ్గరకు వచ్చిన ఒక కక్షిదారు సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నారు. అప్‌డేట్‌లో పోనిది, సెంటర్‌లో పోనిది, ఇంటికొచ్చాక ఒక్క వేలితో పోయింది. బ్యాకప్‌కు మీరు విడిగా పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే అది గుర్తుండాలి, లేకపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

నాన్నగారి మాటలకు ఇంకో దారి ఉంది. ఆయన వాడిన ఫోన్ ఇంట్లో ఉందా? ఉంటే దాన్ని అప్‌డేట్ చేయకండి, రీసెట్ చేయకండి, అందులో వాట్సాప్ తీసేయకండి. ఆండ్రాయిడ్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు వాట్సాప్ ఫోల్డర్ లోపల ‘వాయిస్ నోట్స్’ అనే చోట ఫైళ్లుగా ఉంటాయి. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. మీకు పంపినవి ఆయన ఫోన్‌లో మిగిలి ఉండే అవకాశం బాగానే ఉంది. ఈ పని ఈ రోజే చేయండి.

‘పోయిన డేటా తీసిస్తాం, పదివేలు అవుతుంది’ అనేవాళ్లు తగులుతారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ తాళంచెవే పోతుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టకండి.

ఇక జాబ్‌షీట్. ఫొటో పెద్దది చేసి చూశాను. ‘కస్టమర్ డేటా బ్యాకప్ తీసుకున్నారా’ అన్న గడిలో ‘అవును’ దగ్గర టిక్కు ఉంది. ఆ టిక్కు నీలి సిరాతో ఉంది, ఫోన్ మోడల్, తేదీ రాసిన సిరా కూడా అదే. మీ సంతకం నల్ల సిరాతో ఉంది. ఆగిపోయి తెరుచుకోని ఫోన్‌లో మీరు బ్యాకప్ ఎలా తీసుకుంటారు? ఆ ప్రశ్న అడగకుండా టిక్కు పెట్టుకున్నారంటే, మిమ్మల్ని అడిగే బాధ్యతను వాళ్లు వదిలేసినట్టే. మీ కేసులో నాకు అన్నిటికంటే బలంగా కనిపిస్తున్నది ఈ నీలి టిక్కే. అసలు కాపీని మడతపెట్టకుండా దాచండి. 590 రూపాయల బిల్లు కూడా.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) సేవాలోపం అంటే ఏమిటో చెబుతుంది. చేయాల్సిన పనిలో లోటు, నిర్లక్ష్యం, చెప్పాల్సిన సమాచారం కావాలని దాచడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేస్తే డేటా మొత్తం పోతుందని మీకు ముందు నోటితో చెప్పారా? డేటా పోకుండా చేసే ప్రయత్నం ఏదైనా చేశారా? వాదన అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. సన్న అక్షరాల షరతు మీద సంతకం ఉంది కాబట్టి కేసే లేదనడం తప్పు. అలాగని ఆ సంతకానికి విలువే లేదని కూడా నేను అనను, అవతలి లాయరు మొదట చూపించేది అదే. ఆ షరతే అన్యాయమైనదని కొట్టేయమని అడగాలంటే చట్టం ప్రకారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీకు అంత దూరం అక్కర్లేదు. జిల్లా కమిషన్‌లో సేవాలోపం మీద నిలబడండి.

‘ఇతను వ్యాపారి, వ్యాపారం కోసం వాడిన ఫోన్, వినియోగదారు కాడు’ అన్న అభ్యంతరం కూడా వస్తుంది. అది ఇంటి ఫోన్ కూడా కదా, నాన్నగారి మెసేజ్‌లు వచ్చింది దానికే. పైగా బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి వాడుకుంటే వినియోగదారుడే అని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. ఫిర్యాదులో ఈ రెండు మాటలూ రాయించండి.

మొదట 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సెంటర్‌కూ, ఫోన్ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫోన్ మీద ఏ పని చేశారో రాతపూర్వకంగా ఇవ్వమని అందులో అడగండి. జవాబు రాకపోతే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా పర్వాలేదు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరు కట్టింది 590 రూపాయలే. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, వీడియోలో విచారణకు దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా చట్టంలో ఉంది. పలాస నుంచి ప్రతి వాయిదాకూ ఆమదాలవలసలో రైలు దిగి పరుగెత్తే బాధ కొంత తప్పుతుంది. గడువు రెండేళ్లు.

పరిహారం ఎంత అడగాలి? 590 తిరిగి ఇవ్వమని, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. పది లక్షలు, ఇరవై లక్షలు రాయకండి. తండ్రి గొంతు పోగొట్టుకున్న బాధ నిజమైనదే, అది సూటిగా నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. పెద్ద అంకె వేస్తే ఆ బాధ పలచబడుతుంది. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 43 కింద, పోలీసు కేసు కింద వెళ్దామని ఎవరైనా అంటే ఆగండి. అనుమతి లేకుండా చెరిపినప్పటి మాట అది, మీరు రిపేరుకు చేతికిచ్చారు.

ఇప్పుడు మూడు లక్షలు. అవి పోలేదు. మెసేజ్‌లు సాక్ష్యంలో ఒక భాగం మాత్రమే. డబ్బు వెళ్లినట్టు మీ బ్యాంకు దగ్గర ఉంది. బ్రాంచికి వెళ్లి ఆ రెండు నెలల స్టేట్‌మెంట్‌ను బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం, 1891 ప్రకారం సర్టిఫై చేసి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ కంటే అది ఎంతో గట్టి కాగితం. ‘వెళ్లింది అప్పు కాదు, సరుకు డబ్బు’ అని అతను అంటే మెసేజ్‌లు కావాలి. అవి బ్యాకప్ నుంచి తిరిగొస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్‌తో కోర్టుకు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి ఇదే నియమం. దానిలో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. ఫోన్ రీసెట్ అయిందని, చాట్ ఫలానా తేదీన బ్యాకప్ నుంచి తెచ్చామని దాచకుండా చెప్పండి. దాచి తర్వాత బయటపడితే నిజమైన చాట్ మీదా అనుమానం వస్తుంది. రిస్టోర్ చేసేటప్పుడు ఇద్దరి ముందు చేసి, ఇంకో ఫోన్‌తో వీడియో తీయించండి. ఇక చాట్ అతని ఫోన్‌లోనూ ఉంటుంది కదా, దాన్ని కోర్టు ముందు పెట్టమని అడిగే దారి దావాలో ఉంది.

నాకు టెన్షన్‌గా ఉన్నది తేదీ గురించి. చేబదులు వసూలుకు మూడేళ్ల గడువు, అది డబ్బు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు మూడుసార్లు ఇచ్చారు కాబట్టి మొదటి లక్షకు 2027 మార్చిలోనే గడువు ముగుస్తుంది, ఏప్రిల్‌లో ఇచ్చినదానికి ఏప్రిల్‌లో. ఫోన్ గొడవలో పడి ఇది మరిచిపోకండి. అతనితో ఇంకా మాటలు ఉంటే పెద్దమనిషి ఎవరినైనా తీసుకుని వెళ్లండి. ‘ఫలానా తేదీల్లో మూడు లక్షలు తీసుకున్నాను, బాకీ ఉన్నాను’ అని రాయించి, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకోండి. గడువు లోపల అలా ఒప్పుకుంటే ఆ సంతకం రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అతను తప్పించుకు తిరిగితే ఆగకుండా వకీలు నోటీసు ఇప్పించండి. బ్యాంకు కాగితం వచ్చాక ఆ మూడు తేదీలూ నాకు రాయండి, దావా ఎప్పటిలోగా వేయాలో లెక్కగట్టి చెబుతాను.