జర్మన్ మేజర్ జనరల్‌కి ఎన్ని నక్షత్రాలు?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం గురించి దొరికిందల్లా చదువుతుంటానండి. ప్రతిసారీ ఒక్క దగ్గరే ఆగిపోతాను. జర్మన్ల వైపు ఒక మేజర్ జనరల్, బ్రిటిష్ వాళ్ల వైపు ఒక మేజర్ జనరల్ ఎదురెదురుగా నిలిచారని రాసి ఉంటుంది. ఇద్దరిదీ ఒకే హోదాయేనా? అన్ని దేశాలకీ సరిపోయే ర్యాంకుల పట్టిక ఏదైనా ఉంటే వేయగలరా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: ఒకే హోదా కాదు. పేరు ఒకటే, మెట్టు వేరు. జర్మన్ సైన్యంలో కల్నల్ (వాళ్ల భాషలో ఒబెర్స్ట్) దాటగానే వచ్చే మొదటి జనరల్ మెట్టే గెనెరల్మయోర్, అంటే మేజర్ జనరల్. అదే బ్రిటన్‌లో అయితే కల్నల్ తర్వాత బ్రిగేడియర్, అమెరికాలో అయితే బ్రిగేడియర్ జనరల్, అది దాటాకే మేజర్ జనరల్. ఆ యుద్ధం నాటి జర్మన్లకు బ్రిగేడియర్ అనే మెట్టే లేదు. కాబట్టి జర్మన్ మేజర్ జనరల్‌కి సరిజోడు అవతలి బ్రిగేడియర్.

కింద ఒక మెట్టు తేడా వచ్చిందంటే పై దాకా అన్నీ జరిగిపోతాయి. జర్మన్ లెఫ్టినెంట్ జనరల్ అంటే అమెరికా మేజర్ జనరల్. అమెరికా లెఫ్టినెంట్ జనరల్‌కి సమానంగా జర్మన్లకు "పదాతిదళ జనరల్", "పాంజర్ (ట్యాంకు) దళాల జనరల్" అని ఏ విభాగానికి ఆ విభాగం పేరు తగిలించిన హోదా ఉండేది. దాని పైన గెనెరల్‌ఒబెర్స్ట్. దీన్ని అనువాదాల్లో "కల్నల్ జనరల్" అని రాసేస్తారు, అది చదివినవాళ్లు కల్నల్ కంటే కొంచెం పెద్దవాడేమో అనుకుంటారు, కానీ నిజానికి అది అమెరికా నాలుగు నక్షత్రాల జనరల్‌తో సమానం. ఆ పైన ఫీల్డ్ మార్షల్.

ఇక నక్షత్రాల సంగతి. జర్మన్ జనరల్ భుజపట్టీని దగ్గరగా తీసిన ఫొటోలో చూడండి. ఎర్రటి గుడ్డ మీద బంగారు, వెండి దారాలు జడలా అల్లి ఉంటాయి. మేజర్ జనరల్‌దైతే అంతే, ఆ అల్లిక మీద నక్షత్రం ఒక్కటీ ఉండదు. లెఫ్టినెంట్ జనరల్ అయ్యాకే మొదటిది వస్తుంది. జర్మన్ మేజర్ జనరల్ మెట్టు మీదే ఉన్న అమెరికా బ్రిగేడియర్ జనరల్‌కి ఒక నక్షత్రం, ఫ్రెంచి బ్రిగేడ్ జనరల్‌కి రెండు. ఒకే మెట్టుకి ఒక దేశంలో సున్నా, ఇంకో దేశంలో ఒకటి, మరో దేశంలో రెండు! ఫొటోలో నక్షత్రాలు లెక్కపెట్టి "ఇతను టూ స్టార్ జనరల్" అని తేల్చేసేవాళ్లు ముందు అది ఏ దేశపు యూనిఫారమో చూసుకోవాలి.

పట్టిక వేయమన్నారు. వేయడం కష్టమేం కాదు గానీ, దాన్ని నమ్ముకుని మీరు తప్పు లెక్క కడతారేమోనని నా భయం. నాటో దేశాలకు ఈ రోజు అలాంటి పట్టిక ఉంది. అధికారులకు ఓఎఫ్-1 నుంచి ఓఎఫ్-10 దాకా సంకేతాలు ఇచ్చారు, కల్నల్ ఓఎఫ్-5, బ్రిగేడియర్ ఓఎఫ్-6. కానీ ఇప్పటి జర్మన్ సైన్యంలో బ్రిగేడ్ జనరల్ హోదా ఉంది, 1943లో లేదు. ఇప్పటి పట్టిక పట్టుకుని అప్పటి యుద్ధం చదివితే ప్రతి జర్మన్ జనరల్‌నీ ఒక మెట్టు ఎక్కించేస్తారు. చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు ఇదే.

పైగా కొన్ని హోదాలకు అవతలి పక్క గడే ఉండదు. ఎస్ఎస్‌లో (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) ఒబెర్‌ఫ్యూరర్ అనే హోదా కల్నల్‌కీ మేజర్ జనరల్‌కీ మధ్యలో ఉండేది, దానికి సాటి జర్మన్ సైన్యంలోనే లేదు, ఇక బయటి దేశాల మాట ఎందుకు. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో జమేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అని వైస్రాయ్ కమిషన్ పొందిన అధికారులు ఉండేవాళ్లు. వాళ్లు హవల్దార్‌కి పైన, కానీ ఎంత అనుభవం ఉన్నా నిన్న చేరిన సెకండ్ లెఫ్టినెంట్‌కి కిందే. ఇంగ్లండ్ సైన్యంలో వాళ్లకు సమానమైన హోదా లేదు. బ్రిటిష్ బ్రిగేడియర్‌ది ఇంకో రకం చిక్కు. 1928 నుంచి అతని హోదా పేరులో "జనరల్" అనే మాటే లేదు, బ్రిటన్ అతన్ని జనరల్స్‌లో లెక్కపెట్టదు. అతని పక్కనే నిలబడ్డ అమెరికా బ్రిగేడియర్ జనరల్ మాత్రం పూర్తి జనరల్ కిందే లెక్క.

నేనైతే పేరు పక్కనపెట్టి, ఆ మనిషి కింద ఎంత సైన్యం ఉందో చూస్తాను (చిన్న దళం నుంచి పెద్దకు వరుస బ్రిగేడ్, డివిజన్, కోర్, ఆర్మీ). అందులోనూ జాగ్రత్త పడాలి. స్టాలిన్‌గ్రాడ్‌లో ఒక జర్మన్ ఆర్మీని నడిపిన పౌలుస్ 1942 నవంబర్ చివరికి గెనెరల్‌ఒబెర్స్ట్. ఎదురుగా సోవియట్ 62వ ఆర్మీని నడిపిన చుయికోవ్ లెఫ్టినెంట్ జనరల్. ఇద్దరి పదవి పేరూ "ఆర్మీ కమాండర్", కానీ సోవియట్ ఆర్మీ జర్మన్ ఆర్మీ కంటే చాలా చిన్నది. సోవియట్ డివిజన్‌కి కల్నల్ నాయకత్వం వహించడం కూడా మామూలే. జపాన్‌లో అయితే బ్రిగేడ్‌కి మేజర్ జనరల్, డివిజన్‌కి లెఫ్టినెంట్ జనరల్. వాళ్లు "ఆర్మీ" అన్నది బ్రిటిష్ వాళ్ల కోర్ అంత ఉండేది. అందుకే హోదా పేరు, కింద ఉన్న దళం, ఆ దళం అసలు సైజు, ఈ మూడూ కలిపి చూడందే ఎవరు ఎవరికి సమానమో చెప్పకూడదు.

ప్రశ్న: లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్ద కదా? మరి లెఫ్టినెంట్ జనరల్ కింద మేజర్ జనరల్ ఎందుకున్నాడు?
– ఒక గృహిణి

జవాబు: ఆ "మేజర్" మనకు తెలిసిన మేజర్ కాదండి. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ సైన్యంలో పై ముగ్గురు కెప్టెన్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, సార్జెంట్ మేజర్ జనరల్. కెప్టెన్, లెఫ్టినెంట్, సార్జెంట్, ఈ వరుస చూస్తే అంతా సరిగ్గానే ఉంది. పోనుపోను మూడో పేరులోంచి "సార్జెంట్" రాలిపోయి మేజర్ జనరల్ మిగిలింది. లెఫ్టినెంట్ అంటే ఫ్రెంచిలో "ఒకరి స్థానంలో నిలిచేవాడు" అని అర్థం, అంటే పెద్దాయన లేనప్పుడు ఆ పని చూసేవాడు.

ప్రశ్న: ఒకే సోవియట్ జనరల్ ఫొటోలు రెండు చూశాను. 1941 నాటి ఫొటోలో కాలర్ మీద రెండు నక్షత్రాలు, 1943 ఫొటోలో భుజం మీద ఒకటి. కింద రెండు చోట్లా మేజర్ జనరల్ అనే ఉంది. హోదా తగ్గించారా?
– పాత ఫొటోలు సేకరించే పాఠకుడు

జవాబు: తగ్గించలేదు, గుర్తులు మారాయి. ఎర్ర సైన్యం విప్లవం తర్వాత పాత రాచరికపు హోదాలన్నీ తీసిపారేసింది. 1935లో వ్యక్తిగత హోదాలు మళ్లీ తెచ్చినా "జనరల్" అనే మాట దగ్గరికి రానివ్వలేదు. కోంబ్రిగ్, కోందివ్, కోంకోర్ అని, అంటే బ్రిగేడ్ కమాండర్, డివిజన్ కమాండర్, కోర్ కమాండర్ అని, చేసే పనినే హోదాగా పెట్టారు. 1940 మేలో జనరల్ హోదాలు వచ్చాయి. అప్పుడు కాలర్ మీద మేజర్ జనరల్‌కి రెండు నక్షత్రాలు, లెఫ్టినెంట్ జనరల్‌కి మూడు, కల్నల్ జనరల్‌కి నాలుగు, ఆర్మీ జనరల్‌కి ఐదు. 1943 జనవరిలో భుజపట్టీలు తిరిగొచ్చాయి, లెక్క ఒకటి నుంచి మొదలైంది. మీ ఫొటోలోని ఆయన హోదా రెండేళ్లూ ఒకటే.

ఇంకో విషయం గమనించండి. 1940లో కోంబ్రిగ్‌లందరూ మేజర్ జనరల్స్ అయిపోలేదు, కొందరికి కల్నల్ హోదాతో సరిపెట్టారు. కోంబ్రిగ్‌ని బ్రిగేడియర్ అని అనువదించేస్తే ఈ సంగతి కనిపించకుండా పోతుంది. ఆ పదాన్ని అలాగే ఉంచేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: అమెరికా ఐసెన్‌హోవర్ నాలుగు నక్షత్రాల జనరల్. బ్రిటన్ మాంట్‌గోమరీ ఫీల్డ్ మార్షల్. చిన్నవాడు పెద్దవాడికి ఆర్డర్లు ఎలా ఇచ్చాడు?
– పోటీ పరీక్షలకు చదువుతున్న పాఠకుడు

జవాబు: మంచి ప్రశ్న, ఎందుకంటే అప్పట్లో వాళ్లందరికీ ఇదే ఇబ్బందైంది. 1944 సెప్టెంబర్ 1న మాంట్‌గోమరీ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. సరిగ్గా అదే రోజు ఐసెన్‌హోవర్ పడమటి రంగంలో నేల మీది దళాల కమాండ్‌ని ఆయన దగ్గర్నుంచి తన చేతిలోకి తీసుకున్నాడు. అమెరికాలో ఫీల్డ్ మార్షల్‌కి సమానమైన హోదా అప్పటికి లేదు. డిసెంబర్ 14న చట్టం చేసి ఐదు నక్షత్రాల హోదా పుట్టించారు, డిసెంబర్ 20న అది ఐసెన్‌హోవర్‌కి దక్కింది. మధ్యలో మూడు నెలలకు పైగా కింది హోదా మనిషి పై హోదా మనిషిని నడిపించాడు. ఎలాగంటే, కూటమి సైన్యంలో ఆర్డర్ వేసే అధికారం భుజం మీది గుర్తు వల్ల రాదు, నియామకం వల్ల వస్తుంది. రెండు ప్రభుత్వాలూ కలిసి ఆయన్ని సుప్రీం కమాండర్‌గా పెట్టాయి, అది చాలు.

మరో ముచ్చట, ఇది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఐసెన్‌హోవర్‌కి 1943 ఫిబ్రవరిలో వచ్చిన నాలుగు నక్షత్రాలు యుద్ధ కాలానికి ఇచ్చిన తాత్కాలిక హోదా. అమెరికా రెగ్యులర్ ఆర్మీ రిజిస్టర్‌లో ఆయన శాశ్వత హోదా ఆ ఏడాది ఆగస్టు దాకా లెఫ్టినెంట్ కల్నల్ మాత్రమే! లక్షల మందిని నడిపిస్తున్నాడు, ఆ రోజే యుద్ధం ఆగిపోతే కాగితం మీద లెఫ్టినెంట్ కల్నల్. కాబట్టి ఎవరి హోదా చదివినా అది తాత్కాలికమా, శాశ్వతమా అని కూడా అడగండి.

ఫ్రెంచి నాయకుడు డిగాల్‌దీ అలాంటిదే. 1940లో కల్నల్‌గా ఉన్నవాడిని తాత్కాలిక బ్రిగేడ్ జనరల్‌ని చేశారు. ఆ రెండు నక్షత్రాలతోనే స్వేచ్ఛా ఫ్రాన్స్‌కి (జర్మనీకి లొంగకుండా పోరాడిన ఫ్రెంచి పక్షం) నాయకుడయ్యాడు. ఐదు నక్షత్రాల జనరల్ కాత్రూ వచ్చి ఆయన నాయకత్వం కింద పనిచేశాడు. డిగాల్ తర్వాత దేశాధ్యక్షుడైనా యూనిఫారం మీద మూడో నక్షత్రం పెట్టుకోలేదు.

ప్రశ్న: కెప్టెన్ అంటే చిన్న అధికారా, పెద్ద అధికారా?
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: భూమ్మీద చిన్న, నీళ్ల మీద పెద్ద. ఆర్మీ కెప్టెన్ కింద వంద, నూట యాభై మంది ఉండొచ్చు. నేవీ కెప్టెన్ ఆర్మీ కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్‌కి సమానమైనవాడు నేవీలో లెఫ్టినెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో గ్రూప్ కెప్టెన్ కల్నల్ స్థాయి, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆర్మీ కెప్టెన్ స్థాయి. ఇది కాక, ఓడని నడిపేవాడిని అతని హోదా ఏదైనా సరే కెప్టెన్ అనే పిలుస్తారు. 1939 అక్టోబర్‌లో బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్‌ని ముంచిన జర్మన్ జలాంతర్గామి కమాండర్ ప్రీన్ హోదా కపిటన్‌లాయ్‌టనంట్. పేరులో కెప్టెన్ ఉంది, లెఫ్టినెంట్ ఉంది, చివరికి ఆర్మీ లెక్కలో అతను కెప్టెన్.

ప్రశ్న: ఇంత లెక్క అవసరమా అండీ? యుద్ధంలో ఎవడి సైన్యం వాడిది. శత్రువు హోదా మనకెందుకు?
– రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: లొంగిపోయిన రోజున అవసరమవుతుంది. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రైమ్స్‌లో జర్మనీ తరఫున సంతకం పెట్టిన యోడ్ల్ గెనెరల్‌ఒబెర్స్ట్. బల్లకి ఇవతల మిత్రరాజ్యాల తరఫున సంతకం పెట్టిన బెడెల్ స్మిత్ లెఫ్టినెంట్ జనరల్, యోడ్ల్ కంటే ఒక మెట్టు తక్కువ. సోవియట్ ప్రతినిధి సుస్లొపారోవ్ మేజర్ జనరల్. ఐదు నక్షత్రాల ఐసెన్‌హోవర్ ఆ గదిలోకి రాలేదు, సంతకాలయ్యాక యోడ్ల్‌నే ఆయన ముందుకు తీసుకెళ్లారు. మాస్కో దీనితో ఒప్పుకోలేదు. మర్నాడు బెర్లిన్‌లో మళ్లీ సంతకాలు జరిగాయి, ఈసారి జర్మన్ల వైపు ఫీల్డ్ మార్షల్ కైటెల్, సోవియట్ల వైపు మార్షల్ జుకోవ్. 1971లో ఢాకాలో ఇలాంటి చిక్కు రాలేదు. భారత్ తరఫున అరోరా, లొంగిపోయిన పాకిస్తాన్ తరఫున నియాజీ, ఇద్దరూ లెఫ్టినెంట్ జనరల్స్, రెండు సైన్యాలూ ఒకే బ్రిటిష్ వరుస నుంచి వచ్చినవే.

ఖైదీ అయ్యాక అసలు అవసరం మొదలవుతుంది. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధం మొదలవగానే రెండు పక్షాలూ తమ హోదాల జాబితా ఒకరికొకరు పంపుకోవాలి. పట్టుబడ్డ అధికారికి, పట్టుకున్న దేశం తన సైన్యంలో అదే స్థాయి అధికారికి ఇచ్చే జీతం ఇవ్వాలి, అతని సొంత జీతానికి మించకుండా. ఇక్కడ ఒక మెట్టు తప్పు చదివితే ఒక మనిషి నెల జీతం మారిపోతుంది. సోవియట్ యూనియన్ ఈ ఒప్పందంలో చేరలేదు, జపాన్ సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేసింది. ఆ రెండు చోట్లా ఖైదీలు పడ్డ బాధ తలుచుకుంటే, ఈ పొడి నిబంధనల విలువ తెలుస్తుంది.

1949 ఒప్పందం జీతం లెక్కని సులువు చేసింది. ఖైదీలను ఐదు వర్గాలుగా విడదీసి నెలకు ఇంత అని స్విస్ ఫ్రాంకుల్లో రాసింది. సార్జెంట్ కంటే కిందివాళ్లకు 8, సార్జెంట్లు, ఆ స్థాయివాళ్లకు 12, మేజర్ కంటే కింది అధికారులకు 50, మేజర్ నుంచి కల్నల్ దాకా 60, జనరల్స్‌కి 75. ఇప్పుడు బ్రిటిష్ బ్రిగేడియర్‌ని గుర్తు తెచ్చుకోండి. జనరల్ అని లెక్కవేస్తే 75, కాదంటే 60. అధికారులను బలవంతంగా పనిలో పెట్టకూడదని కూడా ఉంది. ఖైదులో ఉండగా సొంత దేశం ప్రమోషన్ ఇచ్చి సరైన పద్ధతిలో తెలియజేస్తే, పట్టుకున్న దేశం దాన్ని గుర్తించాలి.

సెల్యూట్ కూడా ఆ ఒప్పందంలో రాసి ఉంది. ఖైదీగా ఉన్న అధికారి తనకంటే పై హోదా శత్రు అధికారికే సెల్యూట్ కొట్టాలి. అంటే ఖైదీ కల్నల్ కాపలా లెఫ్టినెంట్‌కి కొట్టనక్కర్లేదు. కానీ క్యాంపు కమాండర్‌గా ఉన్నది మామూలు కెప్టెన్ అయినా సరే, ఆ కల్నల్ అతనికి చెయ్యెత్తాల్సిందే.