పెరటి కోళ్లు: మిగిలిన అన్నం వేయొచ్చా?

ప్రశ్న: మేడ మీద షెడ్డు వేసి నాటు కోళ్లు పెంచుతున్నాం. రాత్రి మిగిలిన అన్నం, కూరలు పొద్దున్నే వేస్తాం. ఒక పెట్ట నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు. మెడ కింద తిత్తి ఉబ్బింది, నోరు పులిసిన వాసన వస్తోంది. తలకిందులుగా పట్టుకుని పిండితే అంతా బయటికి వచ్చేస్తుందని మా అత్తగారు అంటున్నారు. చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చేయకండి. మీ అత్తగారి చేతిలో ఒకటి రెండు బతికే ఉంటాయి, కాదనను. కానీ తిత్తిలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే కోడి అక్కడికక్కడే చచ్చిపోతుంది.

సాయంత్రం తిత్తి నిండుగా ఉండటం మామూలే, రాత్రంతా అరిగి తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. అందుకే పొద్దున మేత వేయకముందే చేత్తో తడిమి చూడాలి. అప్పటికీ గట్టిగా ముద్దలా తగిలితే మేత అడ్డుపడినట్టు. నీళ్ల సంచిలా ఊగుతూ పులిసిన వాసన వస్తే లోపల ఈస్ట్ పెరిగినట్టు. మీరు చెప్పేది రెండోదిలాగే ఉంది, కాబట్టి దాన్ని వేరుగా ఉంచి, అన్నం ఆపేసి, మంచినీళ్లు మాత్రం పెట్టి, ఇవాళే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మిగతావాటి సంగతికొస్తే, కోడికి పళ్లుండవు కదా, తిన్నదాన్ని నలిపేది కందనకాయ, అది కూడా కోడి మింగిన చిన్న చిన్న రాళ్ల సాయంతో. వీధిలో తిరిగే కోడి వాటిని తనే ఏరుకుంటుంది, మేడ మీద సిమెంటు నేలలో ఎక్కడ దొరుకుతాయి? ముతక ఇసుక జల్లించి ఓ గిన్నెలో ఎప్పుడూ ఉంచండి. ఆల్చిప్పల పొడి వేస్తున్నాంగా అంటారేమో, అది కాల్షియం కోసం, లోపల కరిగిపోతుంది, రాళ్ల పని చేయదు.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు, అప్పటికప్పుడు మిగిలింది ఓ గుప్పెడు వేసి, తినగా మిగిలింది వెంటనే ఎత్తేయండి. ఎండాకాలంలో రాత్రి అన్నం పొద్దుటికే పులుస్తుంది, అది వద్దు. ఉప్పూ నూనే ఉన్న కూరలు, పచ్చళ్లు అసలే వద్దు. ఆకుకూర సన్నగా తరిగి వేయండి, గోంగూర కాడల నార, పొడవాటి గడ్డి తిత్తిలో ఉండ కట్టుకుంటాయి. మేడ కాబట్టి గాలిపటాల దారం ముక్కలు కూడా ఓసారి ఏరేయండి.

ప్రశ్న: కొద్దిగా బూజు పట్టిన వేరుశనగ చెక్క సగం ధరకే ఇస్తున్నారు. ఎండబెట్టి కోళ్లకు వేయొచ్చా?
– ఒక రైతు, కదిరి

జవాబు: ఊరికే ఇచ్చినా తీసుకోకండి. బూజు పైకి రాలిపోయినా అది వదిలిన అఫ్లటాక్సిన్ అనే విషం చెక్కలోనే ఉంటుంది, ఎండబెట్టినా ఉడికించినా పూర్తిగా పోదు, కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అసలు ఈ విషం సంగతి బయటపడిందే వేరుశనగ చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో అలాంటి దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. మొక్కజొన్నకూ ఇదే బెడద. వానాకాలంలో దాణా ఎక్కువగా కొని పెట్టుకోకండి, బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద ఉంచండి.

ప్రశ్న: గుడ్ల కోళ్ల దాణానే పిల్లలకూ వేస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మూత్రపిండాలు పాడవుతాయి. ఆ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పిల్లలకు 1 శాతం చాలు. పెద్దవీ చిన్నవీ కలిసి తిరుగుతుంటే అన్నిటికీ పిల్లల దాణానే వేసి, ఆల్చిప్పల పొడి పక్కన వేరే గిన్నెలో పెట్టండి, పెట్టలు కావలసినంత అవే తింటాయి.