ఆఫీసు లేని చిన్న కంపెనీలో మొదటి ఉద్యోగం: చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీకాం పూర్తి చేసింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. మొత్తం సిబ్బంది 14 మంది. ఆఫీసు అంటూ లేదు, అందరూ ఇంటి నుంచే పనిచేస్తారు. పని వేళలు కూడా కొంతవరకు మన వీలునుబట్టేనట. ఇది నికరమైన ఉద్యోగమేనా? పెద్ద కంపెనీ దొరికేదాకా ఆగమంటారా?
– ఒక తండ్రి

జవాబు: ఆఫీసు లేదన్న ఒక్క కారణంతో వద్దనకండి. మీరు ఆరా తీయాల్సింది వేరే ఉంది. పక్క సీటులో ఎవరూ లేని చోట మీ అమ్మాయికి పని నేర్పేది ఎవరు?

ముందు ఆ యజమాని ఆఫీసు ఎందుకు పెట్టలేదో చూద్దాం. ఖర్చు తగ్గుతుందని అందరూ చెప్పేదే, నిజమే కూడా. అడ్వాన్సు, ఫర్నిచర్‌కు ముందే డబ్బు పెట్టాలి; అద్దె, కరెంటు అమ్మకాలు పడిపోయిన నెలలోనూ ఆగవు. అది మిగిలితే ఇంకొకరిని పనిలో పెట్టుకోవచ్చు. కానీ నన్నడిగితే అద్దె చిన్న సంగతి. చిన్న కంపెనీకి అసలు ఇబ్బంది మనుషులు దొరక్కపోవడం. జీతంలో పెద్ద కంపెనీతో అది ఎలాగూ పోటీపడలేదు. వెసులుబాటులో మాత్రం పడగలదు. చంటిపిల్లల తల్లి అని, ఊరు మారలేరని వేరేచోట్ల వదిలేసిన మంచి పనిమంతులు దానికి దొరుకుతారు. పూర్తి జీతమిచ్చి పెట్టుకోలేని అనుభవజ్ఞుడైన అకౌంటెంట్‌ని వారానికి రెండు రోజులకు మాట్లాడుకోవచ్చు. ఒకరు పొద్దున్నే, ఇంకొకరు సాయంత్రం కూర్చుంటే కస్టమర్లకు ఎక్కువ గంటలు ఫోన్ ఎత్తే మనిషి ఉంటారు.

వచ్చినవాళ్లు నిలవడం కూడా అంతే ముఖ్యం. వేలమంది ఉన్నచోట ఒకరు మానేస్తే ఇంకొకరు సర్దుకుంటారు. 14 మందిలో ఒకరు మానేస్తే, ఆ పని తెలిసినవాళ్లు ఒక్కోసారి ఇంకెవరూ ఉండరు. ఈ విషయంలో చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్.కామ్ అనే ట్రావెల్ బుకింగ్ కంపెనీలో 1,612 మంది ఉద్యోగులతో ఆరు నెలలపాటు చేసిన పరిశోధన 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసే వీలున్నవాళ్లలో మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితీరు మదింపులో గానీ ప్రమోషన్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది పెద్ద కంపెనీయే, పైగా అక్కడ మిగతా మూడు రోజులు ఆఫీసుకు వెళ్లారు. అయినా మనుషులు నిలవడం అనే లాభం చిన్న కంపెనీకి ఇంకా ఎక్కువ అవసరం.

కాబట్టి ఇంటి నుంచి పనిచేయనివ్వడం ఆ యజమాని దయా కాదు, మోసానికి గుర్తూ కాదు. ఆయన వ్యాపారానికి కలిసొచ్చే లెక్క అది. ఆ లెక్క మీ అమ్మాయికీ కలిసొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ అదే ట్రిప్.కామ్‌లో అంతకుముందు జరిగిన ప్రయోగం గుర్తుచేసుకోవాలి. అప్పుడు దాని పేరు సీట్రిప్. కాల్ సెంటర్ ఉద్యోగులు తొమ్మిది నెలలు, వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేశారు. పనితీరు 13 శాతం పెరిగిందని 2015లో ప్రచురించారు. ఈ 13 శాతాన్ని అందరూ చెబుతారు. ఆ ప్రయోగానికి కనీసం ఆరు నెలల అనుభవం ఉన్నవాళ్లనే, ఇంట్లో విడిగా గది ఉన్నవాళ్లనే తీసుకున్నారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అంటే వాళ్లకు పని ముందే వచ్చు. అంతేకాదు, ఒకే స్థాయి పనితీరు ఉన్నవాళ్లతో పోల్చితే ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్లు తక్కువే వచ్చాయి. ప్రయోగం అయ్యాక మళ్లీ ఎంచుకోమంటే సగానికి పైగా మనసు మార్చుకున్నారు.

మీ అమ్మాయికి ఆ ఆరు నెలలు కూడా లేవు. మొదటి వారంలోనే ఒక కస్టమర్ ‘బిల్లు ప్రింట్ కావట్లేదు’ అంటాడనుకోండి. ఆఫీసులో అయితే పక్కకు తిరిగి అడిగేస్తుంది, అర నిమిషంలో తేలిపోతుంది. ఇంట్లో అయితే కంపెనీ గ్రూపులో ‘ప్రింట్ రావట్లేదంట, ఏం చేయాలి?’ అని పెడుతుంది. అందరూ చూస్తారు, ఎవరో ఒకరు చెబుతారులే అని వదిలేస్తారు. గంట పోతుంది, కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తాడు. అదే ప్రశ్నను ‘నిన్న అప్‌డేట్ చేశాక వీళ్ల దగ్గర ప్రింట్ ఆగింది. వేరే ఫైళ్లు ప్రింట్ అవుతున్నాయి, బిల్లు మాత్రమే కావట్లేదు. ప్రింటర్ సెట్టింగ్స్ చూశాను, స్క్రీన్‌షాట్ పెడుతున్నాను. తర్వాత ఏం చూడాలి?’ అని రాస్తే జవాబు త్వరగా వస్తుంది. ఇలా రాయడం నేర్చుకోవచ్చు, ఇప్పటి నుంచే సాధన చేయమనండి. కానీ జవాబు చెప్పాల్సిన బాధ్యత అవతల ఒక మనిషికి ఉండాలి. అది ఆమె చేతిలో లేదు.

అందుకే ఒప్పుకునే ముందు ఈ సంగతులు అడగమనండి, మొహమాటం వద్దు. మొదటి మూడు నెలలు నా పనిని రోజూ చూసేది ఎవరు? ఆ మనిషితో చేరకముందే ఒకసారి మాట్లాడవచ్చా? పని ఎలా చేయాలో రాసిపెట్టిన నోట్స్ ఉన్నాయా, లేక అంతా యజమాని నోటి మాటేనా? (చిన్న కంపెనీల్లో చాలాసార్లు ఇదే అసలు లోపం. గిట్‌ల్యాబ్ లాంటి ఆఫీసు లేని కంపెనీ తన పని పద్ధతులన్నీ హ్యాండ్‌బుక్‌గా రాసి ఎవరైనా చదివేలా నెట్‌లో పెట్టింది. 14 మంది దగ్గర అంత ఉండదు గానీ పది పేజీలైనా ఉండాలి.) ‘వీలునుబట్టి’ అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. ఏ గంటల్లో తప్పనిసరిగా అందుబాటులో ఉండాలి, ఆ తర్వాత వచ్చే మెసేజ్‌కి మర్నాడు జవాబిస్తే సరిపోతుందా? ఈ గీత లేకపోతే వెసులుబాటు కాస్తా రోజంతా డ్యూటీగా మారుతుంది. ల్యాప్‌టాప్ ఎవరిది, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిది, జీతం, సెలవులు, ఇవన్నీ కాగితం మీదకు రావాలి. ల్యాప్‌టాప్‌కో ట్రైనింగ్‌కో ముందు డబ్బు కట్టమంటే మాత్రం ఇంకేమీ అడగక్కర్లేదు, అక్కడే ఆపేయండి.

నేర్పే మనిషి ఉన్నాడని తేలితే చేరమనే నా సలహా. పెద్ద కంపెనీ కోసం ఖాళీగా ఎదురుచూడటం కంటే ఇది మేలు. చిన్నచోట సపోర్ట్‌లో ఉన్నవాళ్లకు అమ్మకాలు, టెస్టింగ్, అకౌంట్స్ అన్నీ కాస్త కాస్త తగులుతాయి. ఏడాది తర్వాత తనకు ఏది నచ్చిందో తనకే తెలుస్తుంది. నేర్పేవాళ్లు లేకపోతే, వెసులుబాటు ఎంత ఊరించినా, మొదటి ఉద్యోగంగా వద్దు. రెండేళ్ల అనుభవం వచ్చాక అలాంటి చోట చేరినా ఇబ్బంది ఉండదు.

ఇక మీ వైపు నుంచి ఒకటి. ‘ఇంట్లోనే ఉంది కదా’ అని డ్యూటీ వేళల్లో తలుపు తీయమని, చుట్టాలొచ్చారు కాసేపు వచ్చి కూర్చోమని పిలవకండి. విడిగా గది లేకపోయినా ఒక బల్ల, ప్రశాంతంగా ఉండే ఒక మూల ఆమెకు కేటాయించండి. ఆ గంటల్లో ఆమె ఆఫీసులో ఉన్నట్టే అని ఇంట్లో అందరికీ మీరే చెప్పండి. ఆమె చెబితే వినరు.