ఆ 44 నిమిషాలకు ముందూ వెనుకా

ఈ సంచికకు అందిన ప్రశ్నల్లో చాలా భాగం ఒకే టీవీ సినిమాకు సంబంధించినవి కావడంతో శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: '44 మినిట్స్: ద నార్త్ హాలీవుడ్ షూటౌట్' అనే ఇంగ్లిష్ టీవీ సినిమా చూశాను. నిజంగా జరిగిన బ్యాంకు దోపిడీ ఆధారంగా తీశారట. అందులో నిజం ఎంత? మధ్యమధ్యలో కెమెరా ముందు కూర్చుని మాట్లాడే పోలీసులు అసలు వారేనా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: సంఘటన నిజమే. 1997 ఫిబ్రవరి 28 ఉదయం తొమ్మిదింబావు దాటాక, లాస్ ఏంజిలిస్‌లోని నార్త్ హాలీవుడ్ ప్రాంతంలో లారెల్ కాన్యన్ బులవార్డ్ మీద ఉన్న బ్యాంక్ ఆఫ్ అమెరికా శాఖలోకి లారీ ఫిలిప్స్, ఎమిల్ మటసరెయాను అనే ఇద్దరు ముసుగులతో, ఆటోమేటిక్ రైఫిళ్లతో ప్రవేశించారు. పోలీసుల రేడియో సంభాషణలు వినిపించే స్కానర్లు విని అధికారులు రావడానికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్కగట్టి, ఎనిమిది నిమిషాల్లో బయటపడాలని గడియారాలు సరిచేసుకుని మరీ వచ్చారు. ఆ లెక్క తప్పు కాకపోవచ్చు గానీ, రేడియోలో కబురు అందాల్సిన అవసరమే లేకుండా, ఆ దారినే కారులో వెళుతున్న ఇద్దరు గస్తీ పోలీసులు వారు లోపలికి వెళ్లడం కళ్లారా చూశారు. కాల్పులు ముగిసేసరికి 12 మంది పోలీసులు, 8 మంది పౌరులు గాయపడ్డారు. దొంగలిద్దరే మరణించారు.

టీవీ చానళ్ల హెలికాప్టర్లు ఈ పోరును ప్రత్యక్ష ప్రసారం చేశాయి. అందువల్ల 2003లో ఎఫ్‌ఎక్స్ చానల్ కోసం ఈ సినిమా తీసిన దర్శకుడు ఈవ్ సిమోనోకు వీధిలో జరిగినదాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చే వెసులుబాటు పెద్దగా లేదు. అయితే మైకేల్ మాడ్సన్ వేసిన డిటెక్టివ్, మారియో వాన్ పీబుల్స్ వేసిన గస్తీ అధికారి కల్పిత పాత్రలు. కెమెరాకు సాక్ష్యం చెబుతున్నట్లు కనిపించేది కూడా ఈ నటులే. పదుల సంఖ్యలో అధికారులు పాల్గొన్న ఘటనను గంటన్నర సినిమాగా మలిచేటప్పుడు కొందరి అనుభవాలను కలిపి ఒక పాత్రను తయారు చేయడంలో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా ఆ కల్పిత మనిషిని డాక్యుమెంటరీలో సాక్షిలా కూర్చోబెట్టడం మీదనే. మీకు కలిగిన సందేహం ఎందరో ప్రేక్షకులకు కలగకుండానే ఉండిపోయి ఉంటుంది.

ప్రశ్న: అంతమంది పోలీసులు చుట్టుముట్టినా ఇద్దరు మనుషులు ముప్పావు గంట సేపు ఎలా నిలబడగలిగారు? ఇది సినిమా అతిశయోక్తి కాదా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాదు. ఈ విషయంలో సినిమా చూపించింది వాస్తవానికి దగ్గరగానే ఉంది.

ఆనాటి లాస్ ఏంజిలిస్ గస్తీ పోలీసుల వద్ద ఉన్నవి 9 ఎంఎం పిస్టళ్లు, 38 కాలిబర్ రివాల్వర్లు, కొన్ని షాట్‌గన్‌లు. పిస్టల్ తూటా రైఫిల్ తూటా కంటే చాలా తక్కువ వేగంతో వెళుతుంది, మెత్తని కవచం పొరలు దాన్ని పట్టి ఆపగలవు. ఫిలిప్స్ దాదాపు ఒంటి నిండా, మటసరెయాను ఛాతీకి కవచాలు తొడుక్కుని వచ్చారు. పోలీసుల గుళ్లు వారికి తగిలాయి, కానీ వారిని పడగొట్టలేదు. మరోవైపు దొంగల రైఫిల్ తూటాలు కార్ల తలుపులను చీల్చుకుని అవతల దాక్కున్న వారిని తాకాయి, పోలీసులు తొడుక్కున్న కవచాలు ఆపగలిగింది పిస్టల్ గుళ్లనే. పైగా పార్కింగ్ స్థలానికి అవతలి నుంచి, ఎదుట ఆగని కాల్పులు సాగుతుండగా, పిస్టల్‌తో తలకు గురిపెట్టడం ఎంత శిక్షణ పొందినవారికైనా కష్టమే. దొంగలు సుమారు 1,100 తూటాలు కాల్చారు. పోలీసులు కాల్చినవి దాదాపు 650. బలగం ఎవరిదైనా ఆయుధబలం దొంగలదేనని ఈ అంకెలే చెబుతాయి. ఇద్దరూ ముందుగా నరాలను శాంతపరిచే ఫినోబార్బిటాల్ మందు వేసుకుని రావడం వల్ల వారిలో కంగారు కూడా అంతగా కనిపించలేదు.

పరిస్థితి మారింది ప్రత్యేక ఆయుధాలు, శిక్షణ ఉన్న పోలీసు విభాగమైన స్వాట్ దళం వచ్చాకనే. వారిలో కొందరు ఉదయపు పరుగు నుంచి నేరుగా రావడంతో నిక్కర్ల మీదే కవచాలు తగిలించుకుని దిగారు. గాయపడినవారిని బయటికి చేర్చడానికి అక్కడికి దగ్గరలో ఉన్న, తూటాలను తట్టుకునే కవచం గల ఒక నగదు రవాణా వాహనాన్ని స్వాధీనం చేసుకుని వాడారు. ఇలాంటి వివరాన్ని రచయిత కల్పించి ఉంటే మనం నమ్మేవాళ్లం కాదేమో! ఆ తరువాత అమెరికా రక్షణ శాఖ తన వద్ద మిగిలి ఉన్న ఎం-16 రైఫిళ్లను 600 వరకు లాస్ ఏంజిలిస్ పోలీసులకు ఇచ్చింది. గస్తీ కార్లలో రైఫిళ్లు ఉంచే పద్ధతి ఇతర నగరాలకు పాకడానికీ ఈ ఘటనే ముఖ్య కారణమైంది.

ప్రశ్న: చివరికి బ్యాంకు నుంచి ఎంత సొమ్ము పోయింది? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దొంగలు సంచుల్లో నింపుకున్నది 3,03,305 డాలర్లు. వారు ఆశించింది 7,50,000 డాలర్ల దాకా. నగదు వచ్చే రోజుల్లో బ్యాంకు మార్పు చేసిందని వారికి తెలియదు. ఆ సొమ్ముతో ఇద్దరూ తప్పించుకోలేకపోయారు.

ప్రశ్న: ఇంతటి ఆయుధాలు సమకూర్చుకునే దాకా వీరి మీద ఎవరి కన్నూ పడలేదా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పడింది, అదీ మూడేళ్లకు పైగా ముందే. 1993 అక్టోబరులో లాస్ ఏంజిలిస్ పక్కనే ఉన్న గ్లెండేల్‌లో అతివేగంగా కారు నడిపినందుకు పోలీసులు వీరిని ఆపారు. సోదా చేస్తే తుపాకులు, వేల సంఖ్యలో తూటాలు, పోలీసు స్కానర్లు, పొగ బాంబులు, రక్షణ కవచాలు, వేర్వేరు నంబరు ప్లేట్లు బయటపడ్డాయి. బ్యాంకు దోపిడీకి కావలసిన సరంజామా అంతా ఒకే కారులో ఉందన్నమాట. అయినా సుమారు 100 రోజుల జైలు, ఆపైన మూడేళ్ల ప్రొబేషన్ (జైలు బయట అధికారుల పర్యవేక్షణ)తో వ్యవహారం ముగిసింది. స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో చాలావరకు వారికే తిరిగి ఇచ్చేశారు. 1995లో ఒక నగదు వాహనంపై దాడి చేసి కాపలాదారును చంపింది, 1996లో అదే బ్యాంకుకు చెందిన మరో రెండు శాఖలను దోచి సుమారు 15 లక్షల డాలర్లు తీసుకుపోయింది ఈ జంటేనన్నది పోలీసుల నిర్ధారణ.

సినిమా పేరే దాని హద్దును చెబుతోంది. 44 నిమిషాల మీద బరువంతా పెట్టిన కథలో పోలీసుల ధైర్యం చక్కగా ఇముడుతుంది, ఆ ధైర్యానికి మచ్చ పెట్టవలసిన అవసరమూ లేదు. అయితే ఇద్దరికి ఇంత సామగ్రి తిరిగి ఎలా చేరిందన్న ప్రశ్నకు కోర్టు కాగితాల్లో వెతకాలి, వీధిలో కాదు. కాగితాల్లో పేలుళ్లు ఉండవు గనుక టీవీ సినిమాలు అటు వెళ్లడం అరుదు.

ప్రశ్న: కాల్పులు ఆగాక గాయపడిన దొంగకు వైద్యం అందకుండా చేశారని ఇక్కడ కొందరు అంటుంటారు. అది నిజమేనా? – ఒక తెలుగు పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఆ ఆరోపణ మీద కోర్టులో విచారణ కూడా జరిగింది. ఫిలిప్స్ తుపాకీ మొరాయించాక చేతి పిస్టల్‌తో తనను తానే కాల్చుకుని పడిపోయాడు. మటసరెయానును స్వాట్ అధికారులు కారు కింది ఖాళీ గుండా, కవచం లేని కాళ్ల మీద కాల్చి పట్టుకున్నారు. ఒంటి మీద 29 గాయాలతో, సంకెళ్లు వేసిన స్థితిలో అతను వీధిలోనే రక్తం పోయి చనిపోయాడు. అంబులెన్స్ అతని వద్దకు రావడానికి గంట పైగా పట్టింది.

అతన్ని కావాలనే చావనిచ్చారన్నది కుటుంబం వాదన. మూడో దొంగ ఎక్కడో పొంచి ఉన్నాడన్న అనుమానం అప్పటికి తొలగలేదని, ప్రమాదం తొలగని చోటికి వైద్య సిబ్బంది వెళ్లకూడదన్నదే నిబంధన అని నగరం బదులిచ్చింది. అనుమానం నిజమైనదే. అయినా సంకెళ్లు పడ్డ మనిషి ప్రాణం పోలీసుల పూచీ, అతను అంతకుముందు ఏం చేశాడన్నదాన్ని బట్టి ఆ పూచీ తగ్గదు. రక్తస్రావాన్ని ఆపే కట్టు వేయడానికి వైద్యులే రానక్కరలేదన్నది నా అభిప్రాయం. ఫెడరల్ కోర్టులో ఈ దావా విన్న జ్యూరీ 2000 సంవత్సరంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. తరువాత తీర్పు లేకుండానే దావా ముగిసిపోయింది.