సమాధానం: నెట్ లేకుండా, గోల లేకుండా సర్క్యూట్ పాఠం

మేడం, పదో తరగతి విద్యుత్ పాఠానికి ఫెట్ సిమ్యులేషన్ (కంప్యూటర్ తెర మీదే బ్యాటరీ, వైర్లు, బల్బులు కలిపి చూసే ప్రయోగం) పెడితే పిల్లలు బ్యాటరీకి మంట తెప్పించి నవ్వుకోవడం తప్ప ఏమీ నేర్చుకోలేదన్నారు, మధ్యలో నెట్ కూడా పోయిందన్నారు.

నెట్ సంగతి తేలిక. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సైట్‌లో ఆ సిమ్యులేషన్ పేజీలోనే డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటుంది.

అసలు చిక్కు రెండోది. మా క్లాసులోనూ మొదటి రోజు అదే గోల. ఐదు నిమిషాలు వదిలేశాను, సరదా తీరిపోయింది. (ఆ మంటే షార్ట్ సర్క్యూట్ పాఠం, తిట్టకండి.) తర్వాత ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో కలిపి, స్విచ్ వేయకముందే అడిగాను, ఏది ఎక్కువ వెలుగుతుందని. సగం మంది బ్యాటరీ పక్కదే అన్నారు. నోట్‌బుక్‌లో రాయించాకే స్విచ్ వేశాను. రెండూ సమానంగా, అదీ డల్‌గా వెలిగాయి! "సార్, కరెంటు మొదటి బల్బులో ఖర్చయిపోదా?" అంటూ వెనక బెంచీ వాడు లేచాడు. తెర మీద ఎలక్ట్రాన్లను సూచించే నీలం చుక్కలు వైరంతా ఒకేసారి కదలడం చూపించాను. సమాంతరంగా కలపడం ఇక వాళ్లే చేసుకున్నారు.

మౌస్ మాత్రం మీ దగ్గర పెట్టుకోకండి, బెంచీకొకరిని పిలవండి.