నటన కోసం ఉద్యోగం మానేయాలా? ముందు నెలలు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: నా వయసు 26. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కాలేజీలో నాటకాలు వేసేదాన్ని, నటిని కావాలన్నది అప్పటి కోరిక. జీతంలో 60 శాతం ఖర్చులకు పోతుంది, అమ్మకు పంపేది కూడా అందులోనే. మిగతాది దాచుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా దగ్గర 18 నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. ఉద్యోగం మానేసి, ఏడాది పాటు ఉండే ఫుల్‌టైమ్ యాక్టింగ్ కోర్సులో చేరాలనుకుంటున్నాను. దాని ఫీజు నా పది నెలల ఖర్చంత. ఈమధ్య పరిచయమైన ఒక కోఆర్డినేటర్, ఫోటోల పోర్ట్‌ఫోలియో తీయించి డైరెక్టర్లకు పరిచయం చేస్తానంటున్నారు. అందుకు ఇంకో మూడు నెలల ఖర్చంత అడుగుతున్నారు. తక్కువ పడితే పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఇంట్లోవాళ్లు మాత్రం ఉద్యోగం వదలొద్దంటున్నారు. – ఓ పాఠకురాలు

జవాబు: అకౌంట్స్‌లో పనిచేసే మనిషి కాబట్టే కాబోలు, అన్నీ నెలల ఖర్చుల్లో చెప్పారు. నా పని సగం తగ్గింది. అదే పద్ధతిలో ముందుకెళదాం.

మీ దగ్గర 18 నెలలున్నాయి. కోర్సుకు 10, పోర్ట్‌ఫోలియోకు 3 తీసేయండి. మిగిలేది 5. కోర్సు మాత్రం 12 నెలలు. అంటే క్లాసులు సగానికి రాకముందే మీ ఖాతా ఖాళీ అవుతుంది. మిగతా ఏడు నెలలు అప్పు మీద బతకాలి. కోర్సు పూర్తయ్యే రోజుకు మీ చేతిలో ఒక సర్టిఫికెట్, నెత్తిన ఏడు నెలల అప్పు, దాని మీద వడ్డీ ఉంటాయి. నటులకు అసలు డబ్బు కావాల్సింది ఆ రోజు నుంచే. ఆడిషన్లకు తిరగడం మొదలయ్యేది అప్పుడే కదా.

ఇంట్లోవాళ్లు ఎప్పటికీ ఉద్యోగం వదలొద్దంటున్నారు, మీరు ఇప్పుడే వదిలేస్తానంటున్నారు. నేను ఇంకో 15 నెలలు ఆగమంటాను.

ఎందుకు 15 అంటే, మీరు జీతంలో 40 శాతం దాస్తున్నారు, ఖర్చు 60 శాతం. మూడు నెలలు పనిచేస్తే రెండు నెలల ఖర్చు పోగవుతుందన్నమాట. 15 నెలలకు మరో 10 నెలల ఖర్చు చేరుతుంది, మొత్తం 28. ఈలోగా సాయంత్రం క్లాసులకు, వారాంతపు వర్క్‌షాప్‌లకు 2 నెలల ఖర్చు కేటాయించండి. మిగిలింది 26. అందులో 6 నెలలది పక్కన పెట్టి, అది మీది కాదనుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను. ఇక 20 నెలలు మీ చేతిలో ఉంటాయి.

ఇక్కడ మీకు చాలామంది నటులకు లేని వెసులుబాటు ఒకటుంది. మీకు లెక్కలు రాయడం వచ్చు. చిన్న వ్యాపారాలకు ఖాతాలు చూసిపెట్టే పని ఇంట్లో కూర్చుని, రాత్రిళ్లు కూడా చేసుకోవచ్చు. ఆడిషన్‌కు రేపు పొద్దున్నే రమ్మన్నా ఆ పని అడ్డు రాదు. దానితో మీ నెల ఖర్చులో సగం వచ్చినా చాలు, 20 నెలల డబ్బు 40 నెలలు వస్తుంది. అంటే మూడేళ్లకు పైనే.

ఇలాంటి రెండో పనిని చాలామంది చిన్నతనంగా భావిస్తారు. హారిసన్ ఫోర్డ్ పెద్ద స్టార్ కాకముందు కొన్నేళ్లు వడ్రంగి పని చేశారు. చేతిలో ఆ పని ఉంది కాబట్టి నచ్చని పాత్రలను వద్దనగలిగారు. మన బొమన్ ఇరానీ కుటుంబ దుకాణం చూసుకుంటూ, ఫోటోలు తీస్తూ, నలభై దాటాకే సినిమాల్లో స్థిరపడ్డారు. నెత్తిన ఈఎంఐ ఉన్న నటుడు మాత్రం వచ్చిన ప్రతి వేషానికీ సరే అంటాడు. ఏ పాత్ర తన కెరీర్‌కు పనికొస్తుంది, ఏది ఒకే ముద్ర వేసి వదిలేస్తుంది అని ఆలోచించే తీరిక అతనికి ఉండదు. కాబట్టి పర్సనల్ లోన్ వద్దు. ఈఎంఐకి తేదీ ఉంటుంది, మీ ఆదాయానికి ఉండదు.

ఇప్పుడు కోర్సు సంగతి. నేను నటన నేర్పేవాడిని కాను, నటుల ఖాతాలు చూసేవాడిని. ఆ ఖాతాల్లో నాకు కనబడింది ఒకటే. ఒకేసారి పెద్ద ఫీజు కట్టి, ఆ తర్వాత రెండేళ్లు ఏ సాధనా లేకుండా ఛాన్సుల కోసం తిరిగినవాళ్ల కంటే, తక్కువ ఖర్చుతో ఏళ్ల తరబడి సాధన ఆపనివాళ్లే నిలబడ్డారు. గొంతు, శరీరం, ఎదుటివాడి మాట నిజంగా వినడం, ఇవన్నీ వాడకపోతే తుప్పు పట్టేవి. అందుకని పది నెలల ఖర్చును ఒకే చోట పోయకండి. వారానికి రెండు సాయంత్రాలు క్లాసు, ఒక నాటక బృందంతో రిహార్సల్స్, నెలకోసారి వాయిస్ మీద పని. ఈ పదిహేను నెలలూ ఇలా గడిస్తే, ఆ పెద్ద కోర్సు మీకు నిజంగా అవసరమో కాదో మీకే తెలుస్తుంది. అప్పటికీ కావాలనిపిస్తే చేరండి, కానీ చేరేముందు ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమని అడగండి. పాత విద్యార్థులు ముగ్గురితో మాట్లాడండి. గోడ మీద ఫోటోలున్నవాళ్లతో కాదు, మామూలువాళ్లతో. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

సెల్ఫ్ టేప్, అంటే మీ ఆడిషన్‌ను మీరే వీడియో తీసుకోవడం, ఒక్కటి మాత్రం రేపే మొదలుపెట్టండి. ఇప్పుడు మొదటి వడపోత చాలావరకు దీనితోనే జరుగుతోంది. ఫోను, ఒక ట్రైపాడ్, వెనక రంగులు లేని గోడ, ఎదురుగా కిటికీ వెలుతురు ఉంటే చాలు. కెమెరా మీ కళ్ల ఎత్తులో ఉండాలి, ఫోను అడ్డంగా పెట్టాలి. ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి కెమెరా పక్కనే నిలబడి, మీకంటే చిన్న గొంతుతో మాట్లాడాలి. లేకపోతే మైకుకు దగ్గరగా ఉన్న ఆ గొంతే వినిపిస్తుంది, మీది వెనక్కి పోతుంది. నెలకొకటి తీసి తేదీ వేసి దాచుకోండి. ఆర్నెల్ల తర్వాత మొదటిదీ ఆరోదీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఫీజుకు పెట్టిన డబ్బు ఎటు పోయిందో తెలుస్తుంది.

కోఆర్డినేటర్ విషయానికి వద్దాం. ఈ రంగంలో ఎవరిని నమ్మాలో తెలియనప్పుడు, డబ్బు ఎటు నుంచి ఎటు వెళుతోందో చూడండి. పాత్రలకు నటులను ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్‌కు జీతమిచ్చేది నిర్మాణ సంస్థ. ఏజెంటు బతికేది మీకు పని ఇప్పించాక వచ్చే కమీషన్ మీద. అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా నిబంధనల కింద పనిచేసే ఏజెంట్లకు ఆ కమీషన్ 10 శాతం దాటకూడదు. రెండు చోట్లా పని రాకముందు మీ జేబులోంచి డబ్బు కదలదు. మీ కోఆర్డినేటర్ దగ్గర మాత్రం పని రాకముందే, మీ నుంచి ఆయనకు కదులుతోంది. ఇది ఎంత పాత జబ్బంటే, పని ఇప్పిస్తామని ముందే ఫీజు వసూలు చేయడాన్ని కాలిఫోర్నియా 2009లో చేసిన చట్టంతో నిషేధించింది. డబ్బు తీసుకుని 'వర్క్‌షాప్' పేరుతో ఆడిషన్లు అమ్ముకున్నారని 2017లో లాస్ ఏంజెలెస్‌లో 25 మందిపై కేసులు పెట్టారు. మీ కోఆర్డినేటర్ మంచివారే కావచ్చు. అయినా ఆ ఏర్పాటు మంచిది కాదు.

ఫోటోలు అవసరమే. అయితే మీకు కావాల్సింది నాలుగు ఫోటోలు, నలభై కాదు. మేకప్ తక్కువగా, రేపు మీరు ఆడిషన్ గదిలోకి నడిచొస్తే ఎలా ఉంటారో అలా ఉండాలి. ఫోటోగ్రాఫర్‌ను మీరే వెతుక్కోండి. జుట్టు తీరు మారినప్పుడో, బరువు బాగా మారినప్పుడో కొత్తవి తీయించుకోండి.

మరి పరిచయాలు ఎలా? ఇప్పటికే పెద్దవాళ్లయిన దర్శకులను ఎలా కలవాలా అని అందరూ ఆలోచిస్తారు. ఆ వరస చాలా పొడుగు. ఈరోజు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నవాడు, సెట్లో పరుగులు పెడుతున్న అసిస్టెంట్ డైరెక్టర్, ఫిల్మ్ స్కూల్లో ఎడిటింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి, వీళ్ల దగ్గర వరస ఉండదు. ఏడెనిమిదేళ్లలో వీళ్లలో ఇద్దరు ముగ్గురు పైకొస్తారు. 'ఆ పాత్రకు ఎవరున్నారు?' అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాళ్లకు మొదట గుర్తొచ్చేది డైలాగులు నేర్చుకుని టైముకు వచ్చిన మనిషే. మీరు అకౌంటెంటు కాబట్టి ఒక షీటు పెట్టుకోండి. ఎవరిని కలిశారు, ఏ పనిలో, ఎప్పుడు, మళ్లీ ఎప్పుడు మెసేజ్ పెట్టాలి. చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడే పెట్టండి, కొత్త నాటకమో కొత్త షోరీలో (మీరు చేసిన సన్నివేశాలతో కూర్చిన చిన్న వీడియో). 'సర్, ఏమైనా ఛాన్స్ ఉందా' అని నెలనెలా అడిగేవాళ్ల మెసేజ్‌లు తెరవకుండానే కిందికి పోతాయి.

మొదట్లో డబ్బుల్లేకుండా పనిచేయాల్సి వస్తుంది. చేయండి, కానీ దానికీ బడ్జెట్ పెట్టండి. ఏడాదికి 20 రోజులు చాలు. దారి ఖర్చులు వాళ్లే పెట్టుకోవాలి. మీ సన్నివేశాల ఫుటేజ్ ఏ తేదీలోగా ఇస్తారో ఒక ఈమెయిల్‌లో రాసివ్వాలి. ఆ ఫుటేజే మీ కూలి. అది లేకుండా మీ షోరీల్ తయారవదు. రీల్ రెండు నిమిషాలు దాటనీయకండి, బాగా చేసిన సన్నివేశం ముందుండాలి. చివరిదాకా చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

డబ్బు రావడం మొదలయ్యాక వచ్చే చిక్కు వేరు. ఒకసారి ఒక క్యారెక్టర్ ఆర్టిస్ట్ నా దగ్గరకు సంచీ నిండా రసీదులతో వచ్చారు. ఏడాది మొత్తం చూస్తే మంచి ఉద్యోగస్తుడి జీతానికి తక్కువేం కాదు. కానీ అందులో ముప్పాతిక వంతు రెండే నెలల్లో వచ్చింది. ఏడు నెలలు సున్నా. పచ్చగా ఉన్న ఆ రెండో నెలలో ఆయన కారు కొన్నారు, ఐదేళ్ల ఈఎంఐ మీద. నాలుగో నెల నుంచి క్రెడిట్ కార్డు మీద నడిపారు. పైగా ఆ సంవత్సరం పన్ను కట్టడానికి విడిగా ఏమీ దాచుకోలేదు. చేతికొచ్చినదంతా తనదే అనుకున్నారు. ఆయన తప్పేంటంటే కారు కొనడం కాదు, రెండు నెలల ఆదాయాన్ని చూసి అరవై నెలల మాట ఇవ్వడం.

మీరు రెండు ఖాతాలు పెట్టుకోండి. పారితోషికం అంతా మొదటి ఖాతాలో పడాలి. వచ్చిన ప్రతి వందలో కమీషన్‌కు పది, పన్నుకు పాతిక, ఫోటోలు, క్లాసులు, ప్రయాణాలకు పది తీయండి. పన్ను తక్కువ పడే చోట ఆ పాతిక మిగిలితే మంచిదే, ఎవరూ ఏడవరు. మిగిలిన యాభై ఐదులోంచి నెలకు ఒకసారి, ఒకే మొత్తాన్ని, రెండో ఖాతాలోకి జీతంలా పంపుకోండి. ఎంత పంపాలి? గడిచిన 12 నెలల్లో అలా మిగిలినదాని సగటు. మంచి నెల వచ్చిందని ఆ జీతం పెంచకండి. షూటింగ్ అయిపోయాక పేమెంట్ రావడానికి రెండు మూడు నెలలు పట్టడం ఇక్కడ మామూలే, కాబట్టి రావాల్సిన డబ్బును వచ్చిన డబ్బుగా రాసుకోవద్దు. మీకు ఇది చెప్పక్కర్లేదనుకోండి, రోజూ చేసే పనే.

సంతకం పెట్టేముందు ఎన్ని రోజుల పని, పేమెంట్ ఏ తేదీకి అన్నవి అందరూ చూస్తారు. ప్రకటనల్లో అయితే ఇంకో రెండు చూడాలి. ఆ ప్రకటనను ఎక్కడెక్కడ, ఎంతకాలం వాడతారు? ఆ కాలంలో పోటీ బ్రాండ్లకు చేయకూడదన్న షరతు ఉందా? ఒక్కరోజు పనికి మంచి డబ్బిచ్చి, రెండేళ్లు ఆ తరహా ప్రకటనలన్నిటికీ తలుపు మూసేసే కాంట్రాక్టులుంటాయి. ఆ డబ్బును 24తో భాగించి చూడండి, అప్పుడు దాని అసలు రేటు తెలుస్తుంది. మీ ముఖాన్ని, గొంతును కంప్యూటర్‌తో మళ్లీ సృష్టించి వాడుకునే హక్కు గురించి ఏదైనా వాక్యం కనబడితే, విడిగా అనుమతి, విడిగా డబ్బు అడగండి.

2023లో శాగ్-ఆఫ్ట్రా నటులు చేసిన సమ్మెలో ముఖ్యమైన డిమాండ్లలో ఇదీ ఒకటి. ఆ సమ్మె 118 రోజులు సాగింది. తాకొద్దన్న ఆరు నెలల డబ్బు గురించి తర్వాత చెబుతానన్నది ఇందుకే. దాదాపు నాలుగు నెలలు అక్కడ షూటింగులు చాలావరకు ఆగిపోయాయి. అంతకు మూడేళ్ల ముందు, 2020లో, కరోనాతో ప్రపంచమంతా సెట్లూ నాటకశాలలూ మూతపడ్డాయి. ఎంత బాగా నటించేవాళ్లకైనా ఆ నెలల్లో ఆదాయం లేదు. ఆ ఆరు నెలల డబ్బును షేర్లలో పెట్టకండి, అడిగిన మర్నాడు చేతికొచ్చే డిపాజిట్‌లో ఉంచండి. మిగతా 20 నెలలదీ మూడు నాలుగేళ్లలో వాడేదే కాబట్టి దాన్ని కూడా మార్కెట్‌కు వదలొద్దు. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ రాజీనామాకు ముందే తీసుకోండి, వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) కొంతైనా జీతం వస్తున్నప్పుడే గడిచిపోతుంది. అమ్మకు పంపేది ఆపకండి. ఆ డబ్బు ఆగిన నెల నుంచి ఇంట్లో మీ నటన మీద చర్చ మొదలవుతుంది.

ఇంట్లోవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. 15 నెలల తర్వాత మానేస్తానని, ఆ తర్వాత 40 నెలలు ప్రయత్నిస్తానని, ఖాతాలో ఆరు నెలల డబ్బే మిగిలిన రోజున మళ్లీ ఫుల్‌టైమ్ ఉద్యోగం చూసుకుంటానని చెప్పండి. వాళ్ల భయం నటన గురించి కాకపోవచ్చు, ఎక్కడ ఆగుతారో తెలియకపోవడం గురించి కావచ్చు.

ఇక ఈ వారంలోనే ఆ కోఆర్డినేటర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. 'ముందు ఫీజు ఇవ్వలేను. మీరు ఇప్పించిన మొదటి పనిలో పది శాతం కమీషన్‌గా తీసుకోండి, రాసిస్తాను' అని. జవాబు వస్తే నాకూ తెలియజేయండి.